కండరంలోని భాస్వరం

సింహాచల క్షేత్రంలో ఆషాఢ పౌర్ణమి సందర్భంగా భక్తులు కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు కాలినడకన ప్రదక్షిణం చేస్తారు. వృద్ధులు సైతం మెల్లమెల్లగా నడిచి ఆ దూరాన్ని పూర్తిచేయగలరు. అదే కొండ మెట్లను దృఢకాయుడైన యువకుడు పరుగున ఎక్కబోయినాడా, కొద్ది క్షణాలకే అతని కాళ్లు బరువెక్కుతాయి. కొన్ని నిమిషాలు నిలిచి సేదదీరితే పోయిన సత్తువ మళ్లీ వస్తుంది. క్షణాలలో తరిగిపోయిన ఆ శక్తి ఏది? నిలిచినంత మాత్రాన అది ఎట్లా తిరిగివచ్చింది? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పిన శాస్త్రజ్ఞులలో ఒకరు తెలుగువారు కావడం మనకు గర్వకారణం. ఆయన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. గొప్ప ఔషధాల సృష్టికర్తగా ఆయనను ఎరిగినవారు పెక్కురు. కండరాల శ్రమను శోధించిన పండితుడుగా ఎరిగినవారు తక్కువ.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇంట పేదరికం. బాల్యంలో చదువుపై మనసు నిలువలేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసులో గట్టెక్కారు. పిమ్మట మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఖద్దరు ధరించినందువల్ల అక్కడి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురి అయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి మారుగా అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఇంతలో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల వ్యాధికి బలి అయినారు. వైద్యం చదివినవాడై యుండి తోబుట్టువులను కాపాడుకోలేకపోయిన వేదన ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

మామగారి సహాయంతోను, ధర్మసంస్థ ఇచ్చిన విరాళంతోను ఆయన 1923 అక్టోబరులో బోస్టన్ నగరం చేరారు. భార్యను స్వదేశంలోనే విడిచి వెళ్లారు. పొట్ట గడుపుకొనేందుకు ఆసుపత్రిలో రాత్రిపూట రోగులకు ఊడిగం చేస్తూ హార్వర్డులో చదివారు. అక్కడి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె అనే ఆచార్యుని చెంత చేరారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో రంగు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ కలిసి 1925లో ప్రకటించారు.

ఆ కాలంలో కండరం సంకోచించడానికి మూలం లాక్టిక్ ఆమ్లమని పండితుల అభిప్రాయం. ఆ సిద్ధాంతానికి పునాది వేసిన హిల్, మేయర్‌హాఫ్ పండితులు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం పొందినవారు. ఫిస్కె, సుబ్బారావుగార్లు తమ కొలత పద్ధతిని కండరపు రసానికి ప్రయోగించగా ఒక వింత కనిపించింది. రావలసిన రంగు వెంటనే రాక, కొంత ఆలస్యంగా వచ్చింది. సామాన్యులైతే దానిని పద్ధతిలోని లోపమని త్రోసిపుచ్చేవారు. వీరు మాత్రం ఆ ఆలస్యానికి కారణం వెదికారు. భాస్వరం మరొక పదార్థంతో ముడివడి ఉండి, పరీక్ష జరుగుతుండగా మెల్లగా విడివడుతున్నదని తేలింది. ఆ రెండవ పదార్థం క్రియాటిన్. 1832లోనే ఫ్రెంచి పండితుడు షెవ్రేల్ మాంసంనుండి దానిని వేరుచేసినా, దేహంలో దాని పని ఏమిటో తెలియక చాలాకాలం గడిచింది.

1927లో వీరి పరిశోధన వెలువడింది. పిల్లి కండరాలను పని చేయించినప్పుడు ఈ ఫాస్ఫోక్రియాటిన్ విచ్ఛిన్నమవుతున్నదనీ, విశ్రాంతి ఇచ్చినప్పుడు మళ్లీ ఏర్పడుతున్నదనీ వారు నిరూపించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని గుర్తించారు. అయితే అందులో క్రియాటిన్ ఉన్నదని తేల్చినవారు ఫిస్కె, సుబ్బారావుగార్లే. 1929లో కండరంలోని మరొక భాస్వర పదార్థమైన ఏ.టి.పి.ని వీరు వేరుచేశారు. జర్మనీలో లోమన్ కూడా ఆ యేడే దానిని కనుగొన్నాడు. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండానే కండరం సంకోచించగలదని 1930లో డెన్మార్కుకు చెందిన లుండ్స్‌గార్డ్ రుజువు చేయడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది.

కండరం నేరుగా ఖర్చుచేసే నాణెం ఏ.టి.పి. అది తీవ్రశ్రమలో రెండుమూడు క్షణాలకు మించి చాలదు. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరాన్ని అప్పిచ్చి దానిని తిరిగి నింపుతుంది. ఈ నిల్వ కూడా సుమారు పది క్షణాలలో చాలావరకు అడుగంటుతుంది. ఆపైన పిండిపదార్థాలూ, కొవ్వూ, ప్రాణవాయువూ ఆదుకోవాలి. మెల్లగా నడిచే భక్తునికి ప్రాణవాయువు అందుతూనే ఉంటుంది కనుక అతడు కొండ చుట్టిరాగలడు. విశ్రాంతి దొరికితే కొద్ది నిమిషాలలో ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ తిరిగి నిండుతుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి రెండు ఎత్తులలో మొత్తం 240 కిలోల బరువు నెత్తి కాంస్యపతకం గెలిచింది. ఒక్కొక్క ఎత్తు కొద్ది క్షణాల పని. ఆ క్షణాలకు ఆధారం ప్రధానంగా ఈ భాస్వర నిల్వయే.

నిత్యసాధన దేహాన్నే మార్చివేస్తుంది. బరువు లెత్తేవాని కండర తంతువులు లావెక్కుతాయి. చిరకాలం పరుగెత్తేవాని గుండె ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. 1967లో అమెరికాలో హల్లోజీ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించి, ప్రాణవాయువును వినియోగించుకొనే శక్తి వాటి కండరాలలో ఇనుమడించిందని చూపాడు. దేహం ఏ పని చేస్తే ఆ పనికి తగినట్లు తన్ను తాను మలచుకొంటుంది. ఈ జ్ఞానసౌధపు పునాదిరాళ్లలో సుబ్బారావుగారి పరిశోధన ఒకటి.

ఇంతటి కృషి చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వతమైన పదవి నీయలేదు. 1930లో డాక్టరేటు పట్టం పొంది, మరి పది సంవత్సరాలు అక్కడే పనిచేసి, 1940లో లెడర్లే ఔషధ సంస్థకు వెళ్లారు. ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారై, సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి చికిత్స అయింది. క్షయకరమైన రక్తపు కేన్సరుకు మందులూ, ఆరియోమైసిన్ సూక్ష్మజీవ నాశకమూ ఆ ప్రయోగశాలలనుండే వెలువడ్డాయి. కోస్తా ఆంధ్రదేశాన్ని తరతరాలుగా పీడించిన బోదకాలుకు వాడే హెట్రజాన్ మందు కూడా ఆయన బృందం ప్రసాదించినదే. అప్పటికే వాచిన కాలును అది మామూలు చేయలేదు గాని, రక్తంలోని ఫైలేరియా పురుగు పిల్లలను హతమార్చి వ్యాధి వ్యాపించకుండా అడ్డుకొంటుంది. కాలు కదిలే రహస్యాన్ని శోధించినవారే కాలిని కుంటుపరచే జాడ్యానికి మందు చూపడం విశేషం.

1948 ఆగస్టులో, 53 సంవత్సరాల వయస్సులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. విడిచి వెళ్లిన గడ్డను మళ్లీ చూడనే లేదు. నోబెల్ బహుమానమూ రాలేదు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలాబిళ్ల వెలువరించింది. ఆయన వెలికితెచ్చిన మందులలో ఒక్కదానికీ ఆయన పేరు లేదు. 1925 నాటి ఆ భాస్వరపు కొలత మాత్రం ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో జీవరసాయన గ్రంథాలలో నిలిచి ఉన్నది. పరీక్షలు తప్పిన భీమవరపు బాలుని పేరు, పరీక్షలకు చదివే విద్యార్థుల నోట ఆ విధంగా పలుకుతున్నది.