ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్

ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ (1899 - 1983) జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త. ముడిచమురులో పత్రహరితపు అవశేషాలను కనుగొన్నాడు. ఇతనిని సేంద్రియ భూరసాయన శాస్త్ర పితామహునిగా పరిగణిస్తారు.

మ్యూనిచ్ లో హాన్స్ ఫిషర్ (1930 నోబెల్ బహుమతి గ్రహీత) వద్ద పరిశోధన చేసాడు. రక్తంలోని హీమ్ కు, ఆకులలోని పత్రహరితానికి ఆధారమైన పార్ఫిరిన్ వలయాన్ని గుర్తుపట్టే నేర్పు అక్కడే అబ్బింది.

చమురు పుట్టుక అప్పటికి తేలని వివాదం. భూగర్భంలోని లోహ కార్బైడులపై నీరు చర్య జరపటం వలన చమురు ఏర్పడుతుందని మెండలీవ్ పూర్వం ప్రతిపాదించాడు. ట్రైబ్స్ 1934 నుండి ప్రచురించిన వ్యాసాలలో ముడిచమురు, షేల్, బొగ్గు నమూనాలలో పార్ఫిరిన్లు ఉన్నాయని నిరూపించాడు. పత్రహరితంలోని మెగ్నీషియం పోయి ఆ చోట వెనేడియం చేరినా, వలయం చాలావరకు నిలిచి ఉంది. ఇటువంటి అణువుకు జీవులే మూలం. పైగా అధిక ఉష్ణోగ్రత వద్ద ఇది నశిస్తుంది కనుక, చమురు మరీ వేడిలో పుట్టలేదనికూడా తేలింది. ఒకే అణువు రెండు ప్రశ్నలకు జవాబివ్వటం విశేషం.

ఇటువంటి అణువులకే తరువాత రసాయన శిలాజాలు అన్న పేరు వచ్చింది. చమురులోను, శిలలోను వీటి పాళ్ళను పోల్చి, ఆ చమురు ఏ మూలశిల నుండి వచ్చిందో నిర్ణయిస్తారు. ఒక్క అణువు పోలిక ఇందుకు చాలదు. కృష్ణా-గోదావరి బేసిన్ లో మూలశిలలుగా పేర్కొనే వాటిలో రాఘవాపురం షేల్, కొమ్ముగూడెం శిలాశ్రేణి ముఖ్యమైనవి; రెండూ ఊళ్ళ పేర్లే.

ట్రైబ్స్ మాత్రం పైరోల్ రసాయనశాస్త్రంలోనే కొనసాగి, 1968లో క్రాయిట్సర్ తో కలిసి బోడిపై వర్ణకాలను వెలువరించాడు. జీవకణాలను వెలిగించి చూడటానికి వీటిని వాడతారు.