సవర పిల్లల పంతులు గిడుగు రామమూర్తి గారు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటాం. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఫోటోకు దండ వేస్తాం. వ్యవహారిక భాష కోసం పోరాడిన పండితుడిగానే ఆయన మనలో చాలామందికి తెలుసు. ఆ పోరాటానికి ముందే ఆయన అడవి బిడ్డలకు వాళ్ళ భాషలో చదువు చెప్పాలని పూనుకొన్నారు. ఆ పనిని ఇంట్లోకే తెచ్చుకొన్న గృహస్థుగా ఆయన్ని ఈ వార్షికోత్సవ సంచికలో తలచుకోవాలని అనుకొన్నాం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. 1875లో ఆయన విషజ్వరంతో చనిపోయారు. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్ళు. విజయనగరంలో మేనమామ గారింట ఉండి మహారాజా వారి పాఠశాలలో చదివారు. గురజాడ అప్పారావు గారు అక్కడ సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఆ మరుసటి ఏడే, పదిహేడేళ్ళకే, పర్లాకిమిడి రాజా వారి బడిలో నెలకు ముప్పై రూపాయల జీతంతో ఉపాధ్యాయుడుగా చేరారు. పగలు పాఠాలు చెబుతూ, సంసారం నడుపుకొంటూ, ప్రైవేటుగా చదివి ఎఫ్.ఎ., బి.ఎ. పూర్తి చేశారు. మనలో పని చేసుకొంటూ పరీక్షలు రాసే అన్నలకు ఆ కష్టం చెప్పనక్కర లేదు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉండేవారు. సంతకు దిగివచ్చిన సవరలకు తెలుగు రాదు, పట్నం వాళ్ళకు సవర రాదు. వ్యాపారి చెప్పిందే లెక్క, అధికారి రాసిందే నిజం. సవరకు అప్పట్లో లిపి లేదు, నేర్చుకొందామంటే పుస్తకమూ లేదు. రామమూర్తి గారు తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని తెచ్చి తన ఇంట్లోనే ఉంచుకొన్నారు. అతని దగ్గర ఆ భాష నేర్చుకొన్నారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహంలో అది ఎంత పెద్ద మాటో మన పెద్దలను అడిగితే చెబుతారు. ఇంటి ఆడవాళ్ళ సహకారం లేనిదే అది సాగి ఉండదని మా నమ్మకం. చరిత్ర పుస్తకాలు వాళ్ళను ఎందుకో తలచుకోవు.

కొండలెక్కి తిరిగినందుకు మలేరియా పట్టుకొంది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. మాటలు చెవితో విని భాష నేర్చుకొన్న మనిషికి వినికిడే పోయింది! అయినా పని ఆపలేదు. సవరలో పిల్లలకు వాచకాలు రాశారు, పాటలు, కథలు సేకరించారు. సొంత డబ్బుతో బడులు పెట్టించారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని ప్రభుత్వమే అచ్చు వేసింది. తర్వాత నిఘంటువులూ వచ్చాయి.

1911లో ఉద్యోగ విరమణ చేశారు. వ్యవహారిక భాషోద్యమం సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉంది కనుక ఎక్కువ రాయడం లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనల్ విద్యార్థులు తెలుగు వ్యాసాన్ని వాడుక భాషలోనూ రాయవచ్చని అనుమతి వచ్చింది. పండితులు గొడవ చేస్తే అది రద్దయింది. ఇంట్లో మాట్లాడే భాషలో పరీక్ష రాస్తే తప్పా అన్నదే గిడుగు వారి తగాదా. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన తమ్ముడి మాట విని మనలోనే కొందరు నవ్విన రోజులున్నాయి కదా, ఆ తగాదా పాతదని ఎలా అనుకోగలం?

ఆయన కుమారుడు గిడుగు సీతాపతి గారు తండ్రి బాటలోనే సవర భాష నేర్చి, ఆ పనిలో చేదోడుగా నిలిచారు. తండ్రి నుంచి కొడుకుకు ఆస్తి రావడం లోకంలో ఉన్నదే, సవర భాష రావడం మాత్రం ఆ ఇంట్లోనే చూశాం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడిని అందులో కలిపారు. అది వద్దని ఆయన గట్టిగా పోరాడారు, ఫలితం లేకపోయింది. యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరిని విడిచి డెబ్బై మూడో ఏట రాజమండ్రి చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. సీతాపతి గారు 1969 వరకు జీవించి, సవరల గురించి రాస్తూనే ఉన్నారు.