బలానికి దగ్గరి దారి లేదు: కోడి రామమూర్తి జీవితం చెప్పే పాఠం

తెల్లవారుజామున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఏ మైదానానికి వెళ్లినా పరుగు తీసే కుర్రాళ్లు కనబడతారు. కొందరు పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షల కోసం వస్తారు, కొందరు కబడ్డీ ఆట కోసం వస్తారు. డాక్టరు గట్టిగా చెప్పిన మీదట నడకకు వచ్చే పెద్దలూ ఉన్నారు. పరుగు ముగించి గట్టు మీద కూర్చున్నాక కుర్రాళ్ల మధ్య సాగే మాట దాదాపు ఒక్కటే. ఏం తింటే తొందరగా బలం వస్తుంది? మాంసం లేనిదే కండ పట్టదా? డబ్బాల్లో అమ్మే పొడి తాగితే ఎన్ని నెలల్లో ఛాతీ పెరుగుతుంది?

ఈ ప్రశ్నలకు నూరేళ్లకు పూర్వమే తన దేహంతో జవాబు చెప్పిన తెలుగువాడు ఒకరున్నారు. కలియుగ భీముడని జనం పిలుచుకున్న కోడి రామమూర్తి నాయుడే ఆయన. 1942 జనవరిలో ఆయన కన్నుమూశారు. పేరు వినని తెలుగువారు అరుదే అయినా, ఆ బలం ఎలా వచ్చిందో ఆలోచించినవారు తక్కువ.

వీరఘట్టం బాలుడు

రామమూర్తి 1880ల తొలి సంవత్సరాల్లో వీరఘట్టంలో జన్మించారు. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆ ఊరు తరువాత శ్రీకాకుళం జిల్లాలో చేరింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తండ్రి పేరు వెంకన్న నాయుడు. చిన్నతనంలోనే తల్లి పోవడంతో పిల్లవాడు విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామి ఇంట పెరిగాడు. చదువు మీద కంటె సాము గరిడీల మీద మనసు పోయింది. పినతండ్రి కోప్పడి ఊరుకోలేదు. ఆ ఇష్టాన్నే దారిలో పెట్టి వ్యాయామశాలలో చేర్పించారు.

మన వైపు తాలీంఖానా అనేదాన్నే ఆ వైపు వ్యాయామశాల అంటారు. ఏ పేరున్నా లోపల జరిగేది ఒక్కటే. దండేలు, బస్కీలు, కుస్తీ. వాటికి తోడు రామమూర్తి శ్వాసను అదుపులో పెట్టే ప్రాణాయామం కూడా అభ్యసించారు. తరువాతి కాలంలో ఆయన చూపిన ఘనకార్యాలకు మూలం ఇదే.

బడి నుంచి సర్కస్ డేరాకు

పినతండ్రి ఆయనను మద్రాసు పంపారు. సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, యోగ్యతా పత్రం తీసుకుని తిరిగివచ్చి, విజయనగరంలో తాను చదువుకున్న ఉన్నత పాఠశాలలోనే డ్రిల్లు మాస్టారుగా చేరారు. అంటే కలియుగ భీముడు మొదట ఒక బడిపంతులు. పిల్లలను వరుసగా నిలబెట్టి చేతులెత్తించి, దించించిన మాస్టారు.

ఆ రోజుల్లో యూరపు మల్లుడు యూజిన్ శాండో పేరు ప్రపంచమంతటా మోగుతోంది. 1905 ప్రాంతంలో శాండో మన దేశానికి వచ్చి నగరాల్లో ప్రదర్శనలు ఇచ్చాడు. తెల్లవాడికే బలముంటుంది, భారతీయులు బలహీనులు అనే మాట పాలకుల నోట తరచుగా వినబడే కాలమది. ఇటువంటి సమయంలో పొట్టి పంతులు అనే మిత్రుని సాయంతో, తుని రాజావారి ప్రోత్సాహంతో రామమూర్తి సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టారు. ఆ డేరా దేశమంతా తిరిగింది.

బాలగంగాధర తిలక్ ఆయనను మెచ్చుకుని మల్లమార్తాండ బిరుదు ఇచ్చారు. 1910లో అలహాబాదు కాంగ్రెసు సందర్భంగా మదనమోహన మాలవ్యా పిలిపించి ప్రదర్శన ఏర్పాటు చేయించారు. ఆపైన సీమకు వెళ్లి లండనులో అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఎదుట విద్య ప్రదర్శించి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నారు. పంజాబీ మల్లుడు గామా లండను వెళ్లి కుస్తీలో పేరు తెచ్చుకున్నది కూడా 1910లోనే. భారతీయులు బలహీనులన్న మాటకు ఈ ఇద్దరూ మాటతో కాక దేహంతో సమాధానం చెప్పారు.

ఏనుగు కింద మనిషి

ఛాతీకి ఇనుప గొలుసు బిగించుకుని, ఊపిరి పూరించి, దాన్ని తెంచేవారు. రెండు చేతులకు రెండు మోటారు కార్లు కట్టించుకుని, అవి చెరొక దిక్కుకు లాగుతుంటే కదలకుండా నిలిచేవారు. వెల్లకిల పడుకుని, ఛాతీ మీద పెట్టిన చెక్క మీదికి ఏనుగును ఎక్కించుకునేవారు.

వీటిలో మంత్రమేమీ లేదు. చెక్క ఏనుగు బరువును ఒక్కచోట పడనీయకుండా పరుస్తుంది. ఊపిరి బిగించిన ఛాతీ, గట్టిపడిన పొట్ట కండరాలు ఆ భారాన్ని కొన్ని నిమిషాలు మోస్తాయి. అయితే ఆ కొన్ని నిమిషాల వెనుక కొన్ని సంవత్సరాల సాధన ఉంది. లండనులో ఒకసారి బలహీనమైన చెక్క విరిగి, పక్కటెముకలు దెబ్బతిని, శస్త్రచికిత్స తరువాత నెలల తరబడి మంచాన పడ్డారని చెబుతారు. అంతటి సాధకునికే తప్పని ప్రమాదం ఇది. సెల్‌ఫోనులో చూసి, గురువు లేకుండా, ఒక్కరోజులో పెద్ద బరువులెత్తబోయే కుర్రాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

శాకాహారంతోనే ఇంత బలం

రామమూర్తి శాకాహారి. మాంసం తిననిదే మల్లుడు కాలేడన్న నమ్మకం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. గామా మాంసం తిన్నాడు, రామమూర్తి తినలేదు. ఇద్దరూ బలవంతులే. ఇద్దరికీ సమానంగా ఉన్నవి తెల్లవారకముందే లేవడం, రోజూ తప్పని కసరత్తు, ఆకలికి తగిన తిండి. మాంసం తినేవారు మానుకోనక్కరలేదు. తిననివారు దిగులు పడనక్కరలేదు.

దీనికి శాస్త్రం కూడా సాక్ష్యం చెబుతోంది. బియ్యంలో లైసీన్ అనే అంశం తక్కువ. కందిపప్పులో, పెసరపప్పులో అది సమృద్ధిగా ఉంటుంది. అన్నంలో పప్పు కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. 60 కిలోల మనిషికి ఇది 50 గ్రాములు. మూడువందల గ్రాముల ధాన్యం, గుప్పెడు పప్పు, పావు లీటరు పాలు తీసుకుంటే దాదాపు అంత వచ్చేస్తుంది. కఠిన సాధన చేసేవారు ఇంకొంచెం పప్పు, పల్లీలు, పెరుగు, అలవాటుంటే గుడ్లు పెంచుకోవచ్చు. కండల కోసం డబ్బా పొడుల జోలికి పోవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార నియమాల్లో స్పష్టంగా చెప్పింది.

మిల్లు బియ్యం సంగతి

ఈ పోషకాహార సంస్థ పుట్టుకకు రామమూర్తి పుట్టిన సర్కారు ప్రాంతంతో సంబంధం ఉన్న ఒక కథ ఉంది. ఆయన కాలంలో సర్కారు జిల్లాల్లో బెరిబెరి రోగం ఎక్కువగా ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి, నడక తప్పి, కొందరికి గుండె కూడా దెబ్బతినేది. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటు థయమిన్ అనే విటమిను పోవడమే దీనికి కారణం. బెరిబెరి పరిశోధన కోసమే 1918లో నీలగిరి కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో చిన్న ప్రయోగశాల మొదలుపెట్టారు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఈ కథ మనకు దూరమైనది కాదు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమకాలువ కింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులయ్యాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణంగా పేరుపొందింది. అంతకు ముందు ఇళ్లలో జొన్న రొట్టె, గట్క, అంబలి నిత్యభోజనం. ఇప్పుడు మూడు పూటలా తెల్లని సన్నబియ్యమే. ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు. కాని పళ్లెంలో అన్నం కుప్ప పెరిగి పప్పు, ఆకుకూర మూలకు పోయాయి. పొలం పని తగ్గి కూర్చునే పని పెరిగిన ఇళ్లలో షుగరు, రక్తపోటు వచ్చి చేరాయి.

దీనికి ఖరీదైన మందు అక్కరలేదు. మరీ తెల్లగా పాలిష్ పట్టించకపోవడం, వీలైతే ఉప్పుడు బియ్యం వాడుకోవడం మంచిది. వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టినప్పుడు పైపొరలోని విటమినులు కొంత గింజలోకి దిగుతాయి. వారంలో కొన్ని పూటలు జొన్న రొట్టె, రోజూ చింతచిగురో, తోటకూరో, గోంగూరో వేసిన పప్పు ఉంటే చాలు. మన అమ్మమ్మలు వండినదే ఇది. పరుగుకు పోయే కుర్రాడు తెల్లవారి నానబెట్టిన పెసలో శనగలో తిని, తగినన్ని నీళ్లు తాగి, రాత్రి పెందరాళే పడుకుంటే డబ్బా పొడి కంటె ఎక్కువ మేలు జరుగుతుంది.

చివరి దినాలు

రామమూర్తి చివరి కాలం బాధాకరం. కాలి మీద పుండు లేచి ముదిరి, చివరకు ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. ఆ శస్త్రచికిత్సకు ఆయన మత్తుమందు తీసుకోలేదని, ప్రాణాయామంతో బాధను ఓర్చుకున్నారని చెప్పుకుంటారు. సర్కస్‌లో లక్షలు గడించినా, అడిగినవారికి దానం చేయడంలో, దేశకార్యాలకు ఇవ్వడంలో డబ్బు నిలవలేదు. చివరకు ఒరిస్సా ప్రాంతంలోని బలంగీర్‌లో ఒక సంస్థానాధీశుని ఆశ్రయంలో కాలం గడిపి, అక్కడే 1942 జనవరి 16న మరణించారు. సొంత ఊరికి దూరంగా, ఒంటికాలితో, అరవై ఏళ్లు అటూ ఇటుగా.

ఏనుగును మోసిన ఛాతీ ఒక పుండు ముందు ఓడిపోయిందని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. కాని ఇందులోనూ మనకు పాఠం ఉంది. కండబలం ఉన్నంత మాత్రాన రోగం దరిచేరదనుకోరాదు. కాలికి మానని పుండు పడితే, ముఖ్యంగా షుగరు ఉన్నవారికి, పసరు కట్టుకుని నెలలు గడపకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ రోజుల్లో పుండును మాన్పే నేటి మందులు లేవు. ఈనాడు సూర్యాపేటలో, మిర్యాలగూడలో ప్రభుత్వ ఆస్పత్రులు అందుబాటులో ఉన్నాయి.

విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం నిలబడి ఉంది. శ్రీకాకుళంలో క్రీడా మైదానానికి ఆయన పేరు పెట్టారు. మన పట్టణాల కుర్రాళ్లు ఆయనలా గొలుసులు తెంచనక్కరలేదు. 1,600 మీటర్ల పరుగు సమయానికి ముగిస్తే చాలు, ఇంటికి ఒక ఉద్యోగం వస్తుంది. ఆ పరుగు రెండు నెలల పొడితో రాదు. సంవత్సరం పాటు తప్పక లేచిన తెల్లవారుజాములతో, అమ్మ చేతి పప్పన్నంతో వస్తుంది. విజయనగరం బడిలో డ్రిల్లు మాస్టారు పిల్లలకు నేర్పినది కూడా దాదాపు ఇదే అయి ఉంటుంది.