టామ్ డౌడ్

టామ్ డౌడ్ (అక్టోబర్ 20, 1925 - అక్టోబర్ 27, 2002) అమెరికాకు చెందిన ప్రముఖ శబ్దగ్రాహకుడు, సంగీత నిర్మాత. పూర్తి పేరు థామస్ జాన్ డౌడ్. న్యూయార్క్‌లోని అట్లాంటిక్ రికార్డ్స్ సంస్థలో సుదీర్ఘకాలం పనిచేశాడు. మిక్సింగ్ బల్లపై గుండ్రటి మీటల స్థానంలో పైకీ కిందకీ జరిపే ఫేడర్లను ప్రవేశపెట్టిన తొలివారిలో ఒకడిగా ప్రసిద్ధుడు.

బాల్యం, విద్య

డౌడ్ న్యూయార్క్ నగరంలోని మాన్‌హటన్‌లో జన్మించాడు. తల్లి ఒపేరా గాయని, తండ్రి వాద్యబృందంలో ప్రధాన వయొలిన్ కళాకారుడు. డౌడ్ చిన్నతనంలోనే పియానో, వయొలిన్ నేర్చుకున్నాడు. 1942లో స్టైవెసెంట్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, కొలంబియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో చేరాడు. అక్కడ జరుగుతున్నది అణుబాంబు తయారీకి ఉద్దేశించిన మాన్‌హటన్ ప్రాజెక్టులో భాగం. యుద్ధానంతరం అణుభౌతిక శాస్త్రవేత్త కావాలనుకున్నాడు. అయితే తాను చేసిన పని రహస్యం కావడంతో దానికి చదువులో గుర్తింపు దక్కలేదు. తరగతిలో బోధించే పాఠాలు అప్పటికే అతనికి తెలిసినదానికంటే వెనుకబడి ఉన్నాయి. దాంతో ఆ చదువును వదలి శబ్దగ్రహణ రంగానికి వచ్చాడు.

ఫేడర్ల రూపకల్పన

ఆ కాలపు మిక్సింగ్ బల్లలపై శబ్దస్థాయిని మార్చడానికి పెద్ద గుండ్రటి మీటలు ఉండేవి. రెండు చేతులతో ఒకేసారి రెండింటిని మాత్రమే సులువుగా తిప్పవచ్చు. ఏ మీట ఏ స్థాయిలో ఉన్నదో తెలియాలంటే ఒక్కొక్కదాని గుర్తును విడివిడిగా చూడాలి. 1958లో అట్లాంటిక్ సంస్థ 8 ట్రాకుల ఆంపెక్స్ టేపు యంత్రాన్ని సమకూర్చుకోవడంతో ఈ ఇబ్బంది మరింత పెరిగింది. డౌడ్ సన్నని జారుడు మీటలను పక్కపక్కనే అమర్చాడు. పియానో మెట్లపై వలె పది వేళ్ళూ ఒకేసారి పనిచేయగలిగాయి. అన్ని వాద్యాల స్థాయిలూ ఒక్క చూపులో కనిపించసాగాయి. వేళ్ళకు స్థానాలు తెలుస్తుండటం వలన కళ్ళు వాద్యకారుల వైపు, చెవులు సంగీతం వైపు ఉండే వీలు కలిగింది.

ముఖ్యమైన పనులు

రే చార్లెస్, జాన్ కోల్ట్రేన్, అరెథా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడ్డింగ్ మొదలైనవారి రికార్డింగులకు డౌడ్ పనిచేశాడు. క్రీమ్ బృందపు డిజ్రేలీ గేర్స్ (1967)కు శబ్దగ్రహణం చేశాడు. డెరెక్ అండ్ ది డామినోస్ బృందపు లైలా (1970), ఆల్మన్ బ్రదర్స్ బృందపు ఎట్ ఫిల్మోర్ ఈస్ట్ (1971) ఆల్బములు ఈయన నిర్మాణంలో వెలువడ్డాయి.

ప్రభావం

కంప్యూటరు తెరలపై కనిపించే మిక్సర్లలో నేటికీ నిలువు ఫేడర్ల బొమ్మలే ఉంటాయి. అయితే మౌస్‌తో ఒకసారికి ఒక ఫేడరునే జరపగలం. అంటే డౌడ్ తొలగించిన ఇబ్బంది మరో రూపంలో తిరిగి వచ్చింది. అంతేకాక తెరపై ధ్వని తరంగాల బొమ్మలు కనబడుతుండటంతో చెవికంటే ముందుగా కన్ను తీర్పు చెప్పే ప్రమాదం ఉంది. అందువల్లనే పలు స్టూడియోలలో కంప్యూటరుకు నిజమైన ఫేడర్లు గల పరికరాలను జోడిస్తారు.

మరణం, గౌరవాలు

డౌడ్ 2002లో గ్రామీ ట్రస్టీల పురస్కారం పొందాడు. అదే సంవత్సరం 77వ పుట్టినరోజు గడచిన వారానికి ఫ్లోరిడాలో ఊపిరితిత్తుల వ్యాధితో మరణించాడు. 2003లో ఈయన జీవితంపై డాక్యుమెంటరీ చిత్రం వెలువడింది. అందులో డౌడ్ మిక్సింగ్ బల్ల ముందు కూర్చుని, ఫేడర్లను ఒక్కొక్కటిగా జరుపుతూ లైలా పాటలోని వాద్యాలను విడదీసి వినిపిస్తాడు. 2012లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఈయనకు స్థానం లభించింది.