అడయారు డాక్టరమ్మ ముత్తులక్ష్మీ రెడ్డి గారు

నర్మెట్ట నుంచి జనగామ, కాజీపేటలో మద్రాసు బండి. 1987లో నా భార్యను వెంటబెట్టుకొని అలా అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళాను. ఆ ఆసుపత్రి వెనుక ఒక రోగి అక్కగారు ఉన్నారని అప్పుడు నాకు తెలియదు.

డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1886లో పుదుక్కోటలో జన్మించారు. 1912లో మద్రాసులో వైద్య పట్టా పొందారు. శాసనమండలి ఉపాధ్యక్షురాలిగా దేవదాసీ వ్యవస్థపై పోరాడిన సంగతి పెద్దలకు తెలిసినదే. అంతటి డాక్టరూ, చెల్లెలికి క్యాన్సర్ వస్తే సేవ చేయగలిగారే గాని దక్కించుకోలేకపోయారు. ఆ దుఃఖాన్ని ఆమె మరువలేదు. ప్రత్యేక ఆసుపత్రి కావాలని ఏళ్ళ తరబడి ప్రభుత్వాన్ని అడిగారు, చందాలు పోగుచేశారు. 1952లో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1954 జూన్‌లో 12 పడకలతో ఆసుపత్రి మొదలైంది. 1968లో ఆమె కన్నుమూశారు.

నా భార్య మరో ఆరేళ్ళు బతికింది. సత్రం ఎక్కడ, రైలు రాయితీ కాగితం ఎవరిస్తారు, నోట పుండ్లు పడితే ఏం తినిపించాలి, ఇవన్నీ నాకు తోటి రోగుల ఇంటివారే చెప్పారు. మన సంఘం క్యాన్సర్ రోగులకు సాయం తలపెడితే, ముందుగా అలాంటి ఇళ్ళవారిని కూర్చోబెట్టి అడగాలని కార్యవర్గానికి నా మనవి. నర్మెట్ట నుంచి నేను వస్తాను.