కాశీలో అన్నం పెట్టని హాస్టల్: విద్యార్థిగా జగ్జీవన్ రామ్

ఏప్రిల్ 5 వస్తే మన ఊళ్లలో బాబూ జగ్జీవన్ రామ్ విగ్రహాలకు దండలు పడతాయి. ఉప ప్రధాని, 1971 యుద్ధకాలపు రక్షణ మంత్రి అని వక్తలు గుర్తుచేస్తారు. హాస్టల్ విద్యార్థిగా ఆయన పడిన పాట్లు ఆ వేదికల మీద పెద్దగా వినపడవు. దళిత విద్యార్థుల చరిత్ర మీద పనిచేస్తున్న మాకు మాత్రం ఆ జీవితంలో ముందు కనిపించేది అదే.

1908లో బీహార్‌లోని ఆరా దగ్గర చందవా గ్రామంలో చమార్ కుటుంబంలో పుట్టారు. ఆరేళ్ల వయసులో తండ్రి శోభీరామ్ చనిపోతే తల్లి వాసంతీదేవి చదివించారు. ఆరా టౌన్ స్కూల్లో తాగునీటికి రెండు కుండలుండేవి, హిందువులకొకటి, ముస్లింలకొకటి. ఈ పిల్లవాడు హిందువుల కుండలో నీళ్లు తాగాడని గొడవయింది. అంటరానివారికని మూడో కుండ పెట్టారు. దాన్ని పగలగొట్టాడు. మళ్లీ పెట్టారు, మళ్లీ పగలగొట్టాడు. చివరికి వేరే కుండ పెట్టే ఆలోచనే బడి మానుకుంది.

1925లో మదన్ మోహన్ మాలవీయ ఆ బడికి వచ్చారు. జగ్జీవన్ చేసిన స్వాగత ప్రసంగం నచ్చి, తాను స్థాపించిన బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదవమని ఆహ్వానించారు. 1916లో మొదలైన ఆ సంస్థ పేరు అప్పటికే దేశమంతా మోగుతోంది. జగ్జీవన్ మెట్రిక్ మొదటి శ్రేణిలో పాసయ్యారు, బిర్లా స్కాలర్‌షిప్ వచ్చింది. మార్కులు, డబ్బు, వ్యవస్థాపకుడి పిలుపు, మూడూ ఉన్నాయి. మెరిట్ పేరుతో ఇప్పటికీ మనల్ని నిలదీసేవాళ్లు ఈ వరస ఒకసారి చూడాలి.

అన్నీ ఉన్నా హాస్టల్లో ఆయనకు భోజనం వడ్డించలేదు. ఊళ్లో క్షురకులు జుట్టు కత్తిరించలేదు. ఘాజీపూర్ నుంచి ఒక దళిత క్షురకుడు అప్పుడప్పుడు వచ్చి ఆ పని చేసిపోయేవాడు. వడ్డించనివాళ్లు, కత్తెర పట్టనివాళ్లు కూడా పేదలే కదా అని కొందరంటారు. నిజమే. అయితే వాళ్ల గిరాకీ, జీతం ఎవరి చేతుల్లో ఉన్నాయో కూడా అడగాలి. ఆరాలో పగలగొట్టడానికి కుండ దొరికింది. కాశీలో అలాంటి వస్తువేదీ లేదు. తోటి విద్యార్థులకు ఆలోచించకుండానే దొరికే అన్నం, క్షవరం ఈయనకు రోజూ ఒక సమస్య. పాఠం అర్థం చేసుకునే శక్తి చాలక కాదు, పూట గడవడానికే ఇంత పాటు పడాల్సి రావడం వల్లే ‘ఇమడలేకపోవడం’ మొదలవుతుందని మా అభిప్రాయం.

ఇంటర్ సైన్స్ పూర్తి చేసి కాశీ వదిలేశారు. 1931లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి బీఎస్సీ పట్టా తీసుకున్నారు. ఆ నగరంలోనే రవిదాస్ పేరిట సభలు పెట్టారు, కార్మికులను కూడగట్టారు.

తర్వాతి రాజకీయ జీవితంతో మాకు పేచీలున్నాయి. అంబేడ్కర్‌కు ఎదురుగా కాంగ్రెస్ ఆయన్ను నిలబెట్టుకుంది. 1975లో అత్యవసర పరిస్థితిని సమర్థించే తీర్మానాన్ని లోక్‌సభలో ప్రవేశపెట్టింది కూడా ఆయనే. దానివల్ల హాస్టల్లో జరిగింది చిన్నదైపోదు.

1978 జనవరిలో రక్షణ మంత్రి హోదాలో మళ్లీ కాశీ వెళ్లి సంపూర్ణానంద్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన వెళ్లిపోయాక కొందరు అగ్రవర్ణ విద్యార్థులు ఆ విగ్రహాన్ని గంగాజలంతో కడిగి శుద్ధి చేశారు. అప్పటికి ఆయనకు 69 ఏళ్లు. మరుసటి ఏడాది ఉప ప్రధాని అయ్యారు. 1986 జూలై 6న మరణించారు.