ఆ ఇంజిన్ పేరు ఓ మనిషిది! వేరుశనగ నూనెతో నడిచిన మోటారు.. నడిసముద్రంలో మాయమైన రుడాల్ఫ్ డీజిల్ కథ

మామిడి సీజన్ మొదలైందంటే పుత్తూరు రోడ్ల మీద పికప్ బండ్లకు తీరిక ఉండదు. తోతాపురి కాయలు నింపుకుని గుజ్జు ఫ్యాక్టరీల వైపు కొన్ని, తిరుత్తణి మీదుగా చెన్నై వైపు మరికొన్ని. సీజన్‌కు ముందే కొత్త బండి తీసుకోవాలనుకునే వాళ్లకు షోరూంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే.. డీజిలా, పెట్రోలా, సీఎన్‌జీనా? నెలనెలా ఈఎంఐ కట్టుకోవాల్సిన వాళ్లకు ఇదేం చిన్న ప్రశ్న కాదు. లోడు లాగే ఇంజిన్ కావాలి. లోడు లేని రోజు అదే బండి ఊళ్లో తిరగాలి, నూనె ఖర్చు చేతికి అందాలి.

ఆ ప్రశ్నలోని మొదటి మాట ఓ మనిషి పేరన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ముందు మనిషి, తర్వాత ఇంజిన్, ఆ తర్వాతే బంకులో పోయించుకునే నూనె. ఆయనే రుడాల్ఫ్ డీజిల్. పెద్ద కంపెనీల ముందు చిన్న పనివాడు కూడా నిలబడాలన్నది ఆయన ఆశ. ఆ ఇంజిన్‌తో ప్రపంచం కోట్లు సంపాదించింది. ఆయన మాత్రం అప్పుల్లో పోయారు.

ఇంతకీ ఎవరీ డీజిల్?

1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు మాత్రం జర్మన్లు. బవేరియా ప్రాంతం నుంచి బతుకుదెరువు కోసం వచ్చినవాళ్లు. తండ్రి థియోడర్‌కు తోలు వస్తువులు తయారుచేసే చిన్న వర్క్‌షాప్ ఉండేది. తయారైన సరుకును తోపుడు బండి మీద పెట్టుకుని ఇంటింటికీ చేర్చే పని చిన్న రుడాల్ఫ్‌ది. ప్రపంచంలో లోడు బండ్లకు ఇంజిన్ ఇచ్చిన మనిషి బాల్యం లోడు తోయడంతోనే మొదలైందన్నమాట.

1870లో ఫ్రాన్స్‌కు, జర్మన్ రాజ్యాలకు యుద్ధం వచ్చింది. పారిస్‌లోని జర్మన్లు ఊరొదిలి పోవాల్సి వచ్చింది. కుటుంబం లండన్ చేరింది. అక్కడ బతకడమే కష్టమైంది. దాంతో 12 ఏళ్ల రుడాల్ఫ్‌ను ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు బంధువుల ఇంటికి పంపేశారు. అక్కడి బంధువు లెక్కల మాస్టారు. ఆ ఇంట్లోనే కుర్రాడికి చదువు మీద గురి కుదిరింది. తల్లిదండ్రులు ఏదైనా ఉద్యోగంలో చేరమన్నా వినకుండా స్కాలర్‌షిప్ మీద మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరారు. చివరి పరీక్షల టైంకి టైఫాయిడ్ వచ్చింది. కొన్ని నెలలు ఆలస్యంగా, 1880లో మంచి మార్కులతో బయటకొచ్చారు.

అక్కడ ఆయన గురువు కార్ల్ ఫాన్ లిండే. ఐస్ తయారుచేసే యంత్రాలతో పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త. బొగ్గులో ఉన్న వేడిలో ఆవిరి ఇంజిన్ వాడుకునేది పదో వంతు కూడా ఉండదని, మిగతాదంతా గాలికి పోతోందని క్లాసులో విన్న మాట రుడాల్ఫ్‌ను వదల్లేదు. పైగా ఆవిరి ఇంజిన్లు పెద్దవి, ఖరీదైనవి. వాటిని పెట్టుకోగలిగేది పెద్ద ఫ్యాక్టరీలే. చేతిపని చేసుకునే చిన్నవాళ్లు ఆ పోటీకి నిలబడలేక మూతపడుతున్నారు. తక్కువ ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్ ఉంటే వీళ్లు కూడా బతుకుతారు కదా అన్నది ఆయన లెక్క. 1903లో ఇదే ఆలోచన మీద, కార్మికులే యజమానులుగా ఉండే సమాజం గురించి ఒక పుస్తకం కూడా రాశారు. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

స్పార్క్ ప్లగ్ లేకుండా మంట ఎలా?

సైకిల్ ట్యూబులో గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం పట్టుకుంటే వేడిగా తగులుతుంది. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఐడియా మొత్తం ఇందులోనే ఉంది. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి, పెట్రోల్ కలిపి నొక్కి, స్పార్క్‌తో అంటిస్తారు. మరీ గట్టిగా నొక్కితే స్పార్క్ రాకముందే అంటుకుని ఇంజిన్ కొట్టుకుంటుంది. అందుకే ఒక హద్దు ఉంది. డీజిల్ ఏం చేశారంటే.. సిలిండర్‌లోకి గాలిని మాత్రమే పంపి, విపరీతంగా నొక్కి, మండేంత వేడి పుట్టాక అప్పుడు నూనె వదిలారు. స్పార్క్‌తో పనే లేదు. ఎంత ఎక్కువ నొక్కితే అదే నూనె నుంచి అంత ఎక్కువ పని వస్తుంది. 1892లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు, 1893లో వచ్చింది.

కాగితం మీద బాగానే ఉంది. 1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో మొదటి ట్రయల్. నూనె వదలగానే మంట అంటుకుంది కానీ, ఒత్తిడి కొలిచే పరికరం పేలి ముక్కలైంది. అక్కడున్నవాళ్లు కొద్దిలో తప్పించుకున్నారు. తన శక్తితో తానే ఇంజిన్ తిరగడానికి 1894 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది, అది కూడా సుమారు ఒక్క నిమిషం. పేటెంట్‌లో రాసుకున్న లెక్కలు కొన్ని తప్పాయి. మార్చుకుంటూ పోయారు. ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీ, క్రుప్ కంపెనీ డబ్బులు పెట్టాయి. నాలుగేళ్లు పట్టింది.

1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ అధికారికంగా పరీక్షించారు. 26.2 శాతం! ఇంధనంలోని వేడిలో నాలుగో వంతుకు పైగా పనిగా మారింది. అప్పటికి ఏ ఇంజిన్‌కూ అంత రాలేదు. అయితే ఆ ఇంజిన్ ఎత్తు సుమారు 3 మీటర్లు, బరువు నాలుగున్నర టన్నులు, శక్తి 20 హార్స్ పవర్. 2005లో వచ్చిన టాటా ఏస్ చిన్న డీజిల్ ఇంజిన్‌ది సుమారు 16 హార్స్ పవర్. అంటే మన వీధుల్లో తిరిగే చిన్న బండి శక్తికి కాస్త ఎక్కువ రాబట్టడానికి అప్పట్లో ఓ గదంత యంత్రం కావాల్సి వచ్చింది.

వేరుశనగ నూనె పోస్తే నడిచింది

రాయలసీమ వాళ్లు ఆగి చదవాల్సిన సంగతి ఇది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఓ చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపించారు. ఆఫ్రికాలోని తమ వలసల్లో వేరుశనగ బాగా పండుతుంది కాబట్టి అక్కడి నూనెతోనే యంత్రాలు నడుస్తాయేమో చూడమని ఫ్రెంచ్ ప్రభుత్వం కోరింది. ఇంజిన్‌లో ఏ మార్పూ చేయలేదు. తేడా కూడా కొద్దిమందికే తెలిసిందట. ఆ ప్రదర్శనలో డీజిల్‌కు గ్రాండ్ ప్రీ దక్కింది. 1912లోనూ ఆయన ఈ విషయం ఎత్తారు. మొక్కల నూనెలు ఇప్పటికి చిన్నగా కనిపించినా, రేపు పెట్రోలియంతో సమానం కావచ్చని నమ్మారు. ఇప్పటి బయోడీజిల్ చర్చ మనం అనుకున్నంత కొత్తదేం కాదు.

డబ్బు వచ్చింది, నిలవలేదు

లైసెన్సుల కోసం దేశదేశాల నుంచి వచ్చారు. అమెరికా హక్కులను బీర్ వ్యాపారి అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొన్నారు. 40 ఏళ్లకే కోటీశ్వరుడు. మ్యూనిక్‌లో పెద్ద భవనం కట్టారు. కానీ తొందరపడి అమ్మిన మొదటి ఇంజిన్లు చాలాచోట్ల మొరాయించాయి. పేటెంట్ కేసులు చుట్టుముట్టాయి. తలనొప్పులు, నరాల బలహీనతతో ఆసుపత్రి పాలయ్యారు. చమురు, భూముల వ్యాపారంలో పెట్టిన డబ్బు మునిగింది. ఇంజిన్లలో లెక్క తప్పని మనిషికి పెట్టుబడుల్లో ఎందుకంత లెక్క తప్పిందో అర్థం కాదు.

ఇంకో విచిత్రం. చిన్నవాడి కోసమని కనిపెట్టిన ఇంజిన్‌ను ముందుగా అందుకున్నది పెద్దవాళ్లే. కరెంటు కేంద్రాలు, ఫ్యాక్టరీలు, ఓడలు, జలాంతర్గాములు. 1912లో డెన్మార్క్ ఓడ సెలాండియా డీజిల్ ఇంజిన్లతో సముద్రం దాటి పేరు కొట్టేసింది. బండ్లకు మాత్రం కుదరలేదు. నూనెను సిలిండర్‌లోకి ఊదడానికి పక్కనే ఓ పెద్ద ఎయిర్ కంప్రెసర్ కావాలి. దాన్ని మోసే బండి ఇక సరుకేం మోస్తుంది? ట్రక్కుకు సరిపోయే చిన్న ఇంజిన్ కోసం డీజిల్ స్వయంగా ప్రయత్నించారు. ఫలించలేదు.

ఆ రాత్రి ఓడలో ఏం జరిగింది?

1913 సెప్టెంబర్ 29. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే స్టీమర్ ఎక్కారు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో కొత్త డీజిల్ ఫ్యాక్టరీ పని మీద ప్రయాణం. తోటివాళ్లతో కలిసి భోజనం చేశారు. పొద్దున 6.15కి లేపమని చెప్పి, రాత్రి పది గంటల ప్రాంతంలో క్యాబిన్‌కు వెళ్లారు. తెల్లారి చూస్తే మనిషి లేరు. పరుపు నలగలేదు. టోపీ, కోటు డెక్ మీద దొరికాయి.

దాదాపు పది రోజుల తర్వాత డచ్ పడవ వాళ్లకు సముద్రంలో ఓ శవం కనిపించింది. అప్పటికే గుర్తుపట్టలేని స్థితి. జేబుల్లోని పర్సు, మందుల డబ్బా, కళ్లజోడు పెట్టె తీసుకుని శవాన్ని నీళ్లలోనే వదిలేశారు. ఆ వస్తువులు నాన్నవేనని కొడుకు యూజెన్ గుర్తుపట్టాడు. బయల్దేరే ముందు భార్య మార్తాకు ఓ సంచి ఇచ్చి వారం దాకా తెరవొద్దన్నారు. తెరిచి చూస్తే 20 వేల మార్కుల నగదు, దాంతోపాటు బ్యాంకు ఖాతాలు దాదాపు ఖాళీ అని చెప్పే కాగితాలు! ఆత్మహత్య అన్నారు. హత్య అన్నారు. చమురు వ్యాపారుల పనన్నారు, గూఢచారుల పనన్నారు. ఏదీ ఇప్పటికీ తేలలేదు. డైరీలో ఆ తేదీ దగ్గర శిలువ గుర్తు మాత్రం ఉంది.

బండి ఎక్కింది ఆయన పోయాకే

1923, 24 ప్రాంతంలో జర్మనీలో బెంజ్, మాన్ కంపెనీలు డీజిల్ ట్రక్కులు తెచ్చాయి. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపును భారీగా తయారుచేయడం మొదలుపెట్టాక పెద్ద కంప్రెసర్ బాధ పోయింది. 1936లో మెర్సిడెస్ డీజిల్ కారు వచ్చింది. ఆ ఇంజిన్ సొంత బండి నడుపుకునే చిన్న మనిషి చేతికి చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఇక పుత్తూరు షోరూం ప్రశ్నకు వద్దాం. అమెరికాలో పికప్ వెనక ట్రైలర్ కట్టి లాగుతారు. మన దగ్గర ఆ పని ట్రాక్టర్‌ది, పికప్‌లో బరువంతా బాడీలోనే. లెక్క మాత్రం ఒకటే. బరువును కదిలించేది హార్స్ పవర్ కంటే ముందు టార్క్. టర్బో డీజిల్ ఇంజిన్‌కు ఫుల్ టార్క్ మామూలుగా 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎంలోనే వచ్చేస్తుంది. అందుకే నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు గేర్లు మార్చి మార్చి ఇంజిన్‌ను అరిపించక్కర్లేదు. రోజూ లోడు, రోజూ దూరం ఉన్నవాళ్లకు డీజిలే నయం.

రోజుకు నాలుగు వీధులు తిరిగి గ్యాస్ సిలిండర్లో, నీళ్ల క్యాన్లో దించేవాళ్లకు మాత్రం అదే డీజిల్ తలనొప్పి కావచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలా డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. అది శుభ్రం కావాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు ఏకధాటిగా నడవాలి. ఆగుతూ పోతూ తిరిగితే మసి పేరుకుని డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, సర్వీస్ బిల్లు పెరుగుతుంది. టాటా ఏస్‌లో పెట్రోల్, సీఎన్‌జీ రకాలు వచ్చింది ఇలాంటి వాళ్ల కోసమే. ధర తక్కువ, మెయింటెనెన్స్ తక్కువ. సీఎన్‌జీ కొనేముందు మాత్రం తిరిగే రూట్లో బంకు ఎంత దూరంలో ఉందో, క్యూ ఎంతుంటుందో చూసుకోవాలి. సిలిండర్ల బరువు కూడా బండే మోయాలి.

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే.. షోరూం నుంచి ఖాళీ బండి తీసి నున్నటి రోడ్డు మీద ఓ రౌండ్ కొట్టి సరే అనేయడం. ఖాళీగా ఉంటే ఏ ఇంజిన్ అయినా హుషారుగానే ఉంటుంది. అదే మోడల్ నడుపుతున్న వాళ్లను అడిగి, లోడుతో ఉన్నప్పుడు పక్కన కూర్చుని కార్వేటినగరం వైపు ఒక ట్రిప్ వెళ్లొస్తే ఏ గేర్‌లో ఎక్కుతోందో, ఇంజిన్ ఎంత కష్టపడుతోందో తెలిసిపోతుంది. సంతకం పెట్టేది ఆ తర్వాతే.